ఒక సాక్ష్యం వెంట మక్తల్ దాకా

మా సంఘంలో మక్తల్ చూసినవాళ్లు ఎవరూ లేరు. అయినా మూడేళ్ల కింద ఒక ఆదివారం, మక్తల్ అవతలి పల్లెలో ఒక మనిషి ఏం చేశాడో మాకందరికీ తెలుసుననుకుని చేతులెత్తాము. ఆ మనిషి యాకోబు పంతులు. నల్లగొండ దగ్గరి మా ఊరివాడే. చదువు చెప్పి, వాక్యం చెప్పమని మేమే అంత దూరం పంపాము. ఆయన ఇంటి ముందు మేకలను కోసి ఎల్లమ్మకు ఇచ్చాడనీ, ఆ నెత్తురు ద్వారబంధానికి పూశాడనీ సభలో సాక్ష్యం వచ్చింది. సాక్ష్యం చెప్పింది అక్కడ వాక్యం చెప్పే నేను. ఎత్తిన చేతులు లెక్కపెట్టలేదు, అందరూ ఎత్తారు గనుక. సంఘం పట్టీలో యాకోబు పేరు మీద గీత పడింది. ఆయనకు రొట్టె, రసం పంచుకునే ప్రభువు బల్ల లేదు, బడి లేదు.

నిజానికి నేను మక్తల్ వెళ్లలేదు. దేవరకొండలో దావీదు అనే సువార్తికుడు చెప్తే విన్నాను. కానీ మా సభల్లో సాక్ష్యం అంటే "నేను చూశాను" అని మొదలుపెట్టడమే అలవాటు. "ఎవరో చెప్పగా విన్నాను" అని ఎవరూ మొదలుపెట్టరు. అట్లా చెప్తే ఆత్మ బలం లేదంటారు. నేనూ అట్లాగే మొదలుపెట్టాను.

ఈ ఏడు జొన్నలు పొట్టకొచ్చిన రోజుల్లో యాకోబు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. రొమ్ములో క్షయ ముదిరిందని, మక్తల్ దవాఖానలో ఇక మందు లేదన్నారని, పోయేముందు ఒక్కసారి బల్ల దగ్గర చేయి చాపాలని ఉందని. ఇంకేమీ రాయలేదు. పెద్దలు కార్డు చదివి నా వైపు చూశారు.

"నీ మాట మీద తీసేసినం పంతులూ. నువ్వే పోయి చూసి రా. తప్పని తేలితే గాడనే బల్ల ఇచ్చి రా" అన్నారు.

ఒక చిన్న గిన్నె, గుడ్డలో కట్టిన రొట్టె, రసం తీయడానికి పిడికెడు ఎండుద్రాక్ష సంచిలో పెట్టుకుని బయలుదేరాను. నేరుగా పోకుండా, ఆ మాట నా దగ్గరికి ఏ దారిన వచ్చిందో ఆ దారినే వెనక్కి పోదామనుకున్నాను. అది తెలివైన పని అనిపించింది అప్పుడు.

దేవరకొండ

దావీదు ఇంట్లో జొన్నగటక, పచ్చిపులుసు పెట్టారు. మా వైపు పచ్చిపులుసులో బెల్లం వేస్తాం. ఇక్కడ వేయరు, మిరపకాయ కాల్చి పిసుకుతారు. నాకు పొలమారింది. దావీదు భార్య నవ్వి మజ్జిగ ఇచ్చింది. అది తాగినాక సంగతి ఎత్తాను.

"అన్నా, యాకోబు సంగతి నువ్వు నాకు చెప్పినప్పుడు మేకలెన్ని అన్నావు?"

"ఒక్కటే అన్న. అది గూడ మేక గాదు, గొర్రె."

"నేను మూడు మేకలని చెప్పాను సభలో."

"చెప్పినవు. నేనున్న గదా ఆ దినం మీ సభల. డప్పులు గూడ కొట్టించినవు." దావీదు గడ్డం గోక్కున్నాడు. "గా డప్పులు నావి గావు తమ్ముడూ. అవి నీవే."

"మరి నువ్వు లేచి ఒక్క మాట అనకపోతివి?"

"సాక్ష్యం నడుస్తుంటే నడిమిట్ల లేస్తరా ఎవరన్న? అయినా నువ్వు గంత గట్టిగ చెప్తుంటే, నువ్వు నిజంగనే పోయి చూసొచ్చినవేమో అనుకున్న."

నా నోటి నుంచి విన్నాక తను చెప్పిన మాట తనకే ఇంకా గట్టిగా తోచిందట. ఇద్దరం ఒకరి నీడ చూసి ఒకరం భయపడ్డవాళ్లలాగా ఉన్నాం. ఆయనకు చెప్పింది కల్వకుర్తిలో వాక్యం చెప్పే రాహేలమ్మ అన్నాడు. ఇక్కడికి రావడంతోనే రెండు మేకలు, డప్పులు రాలిపోయాయి.

కల్వకుర్తి బాటలో

దేవరకొండ నుంచి కల్వకుర్తికి ఎడ్లబండి రెండు రోజులు. బండివాడు మనిషికి నిజాం హాలీ సిక్కాలో ముప్పావలా అడిగాడు, అర్ధరూపాయికి వచ్చాడు. దిండి వాగు దగ్గర నీళ్లు మోకాళ్ల లోతు. బండి దిగి చెప్పులు చంకలో పెట్టుకుని దాటాం.

నాతోపాటు ఒక ముసలి శాస్త్రిగారు ఎక్కాడు. కూతురి ఊరికి పోతున్నాడు. నా పేరు అడిగాడు, కులం అడిగాడు. చెప్పాను. బండి అంచుకు జరిగి కూర్చున్నాడు గానీ మాట మాత్రం మానలేదు. నా పని విన్నాక ఆయనకు హుషారు వచ్చింది.

"మా శాస్త్రంలో తెలుసుకొనుటకు దారులు చెప్పినారు. కంటితో చూచుట ఒకటి. పొగ చూచి నిప్పు ఉన్నదని ఊహించుట ఒకటి. తెలిసినవాని మాట వినుట ఒకటి. నీవు ఏ దారిన తెలుసుకొంటివి?"

"మాట వినే దారి."

"అయితే ఆ మాట చెప్పినవాడు రెండింట నిలవవలె. విషయమును ఉన్నది ఉన్నట్లు ఎరిగినవాడై ఉండవలె. ఎరిగినది ఎరిగినట్లు చెప్పు కోరిక కలవాడై ఉండవలె. అట్టివానినే ఆప్తుడందురు. మీవాడు అట్టివాడేనా?"

తెల్లారి కొండల మీద మంచు లేస్తుంటే ఆయన చేయెత్తి చూపించాడు. "అదిగో, పొగవలె లేదూ? నీళ్లు పట్టుకొని పరుగెత్తమందువా?" అని బోసినోటితో నవ్వాడు.

చిన్నప్పటి నుంచీ నేను నేర్చుకున్నది వేరు. ప్రశ్న మొదట వేసింది ఏదెను తోటలోని సర్పమని, అనుమానం దాని సంతానమని మాకు చెప్పేవారు. నేనూ పిల్లలకు అట్లాగే చెప్పాను. కానీ బండి కుదుపుల్లో ఇంకొక చోటు జ్ఞాపకం వచ్చింది. సొదొమ పట్టణం మీద మొర తన దాకా వచ్చినప్పుడు, ఆ మొర ఎంతవరకు నిజమో దిగిపోయి చూస్తానని దేవుడు అంటాడు. ఆ భాగం ఎన్నిసార్లు చదివానో. ఆ పట్టణం మీద కురిసిన నిప్పు గంధకాల మీదనే నా చూపు పడింది గానీ ఆ మాట మీద పడలేదు. అన్నీ ఎరిగినవాడే దిగి చూస్తానన్నాడు. నేను నల్లగొండ నుంచి మక్తల్ పోలేకపోయాను.

శాస్త్రిగారు కల్వకుర్తి ముందే ఒక మలుపులో దిగి, చేయెత్తి, వెనక్కి చూడకుండా పోయాడు.

కల్వకుర్తి

అంగడి ఊరు. సీతాఫలాలు గంపలకు గంపలు పోసి ఉన్నాయి. అణాకు పాతిక ఇచ్చారు. మా దగ్గర పదికి మించి రావు.

రాహేలమ్మ ఇంట్లో లేదు. పల్లెల్లో తిరగడానికి పోయిందని, మూడు రోజులకు వస్తుందని పక్కింటివాళ్లు చెప్పారు. ఇక్కడ నేను చేసింది ఉన్నదున్నట్టు చెప్పాలి. పాలమూరు బస్సు ఆ సాయంత్రమే ఉంది. ఎక్కాలనుకుంటే ఎక్కేవాణ్ణే. కానీ అందరినీ అడిగి, అంతా ఖాయమైనాకనే బల్ల ఇవ్వడం న్యాయమనిపించింది. ఒకసారి తొందరపడ్డాను, ఈసారి పడకూడదు అనుకున్నాను. ఆ ఇంటి అరుగు మీద మూడు రోజులు సీతాఫలాలు తింటూ కూర్చున్నాను. గింజలు ఎన్ని ఊశానో ఇప్పటికీ అవి నా కళ్ల ముందు కనిపిస్తాయి.

నాలుగో రోజు పొద్దున్నే రాహేలమ్మ దుమ్ముకాళ్లతో వచ్చింది. విషయం విని గడపలోనే కూలబడింది.

"ఎల్లమ్మ అని నేనెప్పుడన్న తమ్మీ? మక్తల్ దిక్కు పోయినప్పుడు బండి మీద పోతా పోతా చూసిన. యాకోబు వాకిట్ల గొర్రె కట్టేసి ఉన్నది, తలుపు చుట్టూ ఎర్రగున్నది. గంతే చెప్పిన దావీదుకు. ఎల్లమ్మకేనా అని ఆయనే అడిగిండు. ఏమో, కావచ్చు అన్న."

"బండి దిగి అడగలేదా అక్కా?"

"పొద్దుగూకుతుండె. బండోడు ఆగనన్నడు." కాళ్ల దుమ్ము దులుపుకుని, "గీ ముచ్చట కోసం నువ్వు మూడు దినాలు ఈడ కూసున్నవా? జబ్బు మనిషిని ఆడ పెట్టుకొని?" అంది.

"ఖాయం చేసుకుని పోదామని."

"ఆయన బతికున్నడు గద! ఆయన్నే అడగరాదు?"

మధ్యాహ్నం బస్సుకు ఆమే తీసుకొచ్చి ఎక్కించింది.

పాలమూరు

యుద్ధం రోజులు గనుక ఆ బస్సు బొగ్గు గ్యాసు మీద నడుస్తుంది. వెనక ఒక పొయ్యి, దానికి గాలి కొట్టే చక్రం తిప్పడానికి ఒక మనిషి. జడ్చర్ల ముందు ఎత్తు ఎక్కలేక ఆగింది. అందరం దిగి తోశాం. నా ధోవతి మసి అయింది. పాలమూరు చేరేసరికి దీపాలు పెట్టారు.

పొద్దున మక్తల్ బస్సు కోసం టేషన్ ముందటి హోటల్లో కూర్చున్నాను. ఇక్కడి చాయ్ చిక్కగా, కొంచెం ఉప్పగా ఉంటుంది. ఎదురుగా ఒక మున్షీ. కచేరీ ముందు కూర్చుని అర్జీలు రాసే ముసలాయన. వేళ్ల నిండా సిరా. నా ముఖం చూసి, "ఏం పంతులుసాబ్, ఎవరన్న గుజర్ గయేనా, కాలం చేసిన్రా?" అని అడిగాడు. లేదు లేదని మొత్తం చెప్పాను. చెప్పడం అలవాటైపోయింది.

మున్షీ చాయ్ సాసర్‌లో పోసి ఊదుకున్నాడు.

"మా ఇస్లాంల ఇదొక పెద్ద ఇల్మ్, పెద్ద చదువు. ప్రవక్త ఒక మాట అన్నడంటే, ఎవడు విన్నడు, ఆనికాడ ఎవడు విన్నడు, గట్ల గొలుసు చెప్పాలె. గొలుసుల ఒక్క కడియం కచ్చా ఉన్నా ఆ మాట పక్కకు పెడ్తరు. ఒక పెద్దమనిషి ఒక్క మాట కోసం దినాల తరబడి పోయిండంట. పోయి చూస్తే ఆ మాట చెప్పెటోడు తప్పిపోయిన గుర్రాన్ని పిలుస్తుండు, ఒళ్లె దానా ఉన్నట్టు కొంగు చూపిచ్చుకుంట. కొంగుల ఏం లేదు. గీ మనిషి జానవర్‌కే ఝూట్ చెప్తున్నడు అని, అడగకనే వాపస్ వచ్చిండంట."

"గుర్రానికి చెప్పిన అబద్ధానికేనా?"

"మరి! ఝూట్‌కు చిన్నదీ పెద్దదీ ఉంటదా?" సాసర్ కింద పెట్టాడు. "మీ గొలుసుల కచ్చా కడియం యాడుంది, ఎరుకైందా?"

"ఎరుకైంది. చివరిది. నేనే."

ఆయన నవ్వలేదు. నా చాయ్‌కి కూడా తనే అర్ధణా ఇచ్చి, "జర జల్దీ పోండ్రి" అన్నాడు.

పరాయి మతం మనిషి నోట ఈ మాట వినడం నాకు చిన్నతనంగా ఉండాల్సింది. లేదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట గానీ ఏ మాటా స్థిరం కాకూడదని మా లేఖనాల్లోనూ ఉంది. ప్రభువు పంపిన అపొస్తలుడే వచ్చి చెప్పినా, అది నిజమేనా అని రోజూ లేఖనాలు తెరిచి చూసుకున్న బెరయ ఊరివాళ్లను ఘనులన్నారు. మా సభలో ఎవరైనా అట్లా లేచి ఉంటే, నేను వాళ్లను ఘనులని పిలిచేవాణ్ణి కాదు.

మక్తల్

మక్తల్ చేరేసరికి సాయంత్రం. నల్లరేగడి, ఎత్తైన జొన్న. మాటలో సగం కన్నడం. అర్ధణాకు రెండు రొట్టెలు, పల్లీల పొడి. ఆ రొట్టె మన రొట్టెకు సగం మందం కూడా లేదు, చేతి మీదనే పెద్దగా తట్టుతారు. చూస్తూ నిలబడితే రొట్టెలు చేసే ఆమె, "మీ ఊళ్ల ఆడోళ్లకు చేతుల్లెవ్వా?" అంది.

సత్రంలో ఎండుద్రాక్ష కడిగి గిన్నెలో నానబెట్టాను. రేపు యాకోబు ఇంటికి. గొర్రె, ఎరుపు, ఈ రెండే మిగిలాయి. అవి ఏమైనా సరే, ముందు ఆయన చేయి పట్టుకుంటాను, తర్వాతనే అడుగుతాను అని ప్రార్థన చేసుకుని పడుకున్నాను.

యాకోబు పల్లె

పొద్దున్నే నాలుగు కోసులు నడిచాను. పల్లె ముందటి చెలకలో ఒకామె గొంగడి కప్పుకుని గొర్రెలు మేపుతోంది. పేరు బీరమ్మ అని తర్వాత తెలిసింది. ఆ గొర్రెల వీపుల మీద ఎర్రటి మచ్చలు. యాకోబు పంతులు ఇల్లు ఎక్కడని అడిగాను. చూపించింది. నోరు ఆగక, "ఆయన ఇంటి ముందు ఒకప్పుడు గొర్రెను కోశాడంట కదా" అన్నాను.

"ఎవడన్నడు? గా గొర్రె నాదే!" ఆమె కర్రతో ఒక ముసలి గొర్రెను చూపించింది. "అగో, ఆడ మేస్తలేదా? కోస్తె ఎట్ల మేస్తది? గప్పటి సంది మూడీతలు ఈనింది."

"మరి ఆయన వాకిట్లో ఎందుకు కట్టారు?"

"పిలగాండ్లకు కథ చూపిస్త, ఒక దినం ఇయ్యి బీరమ్మా అన్నడు. నాకేమిస్తవ్ అన్న. నీ గొర్రెకు కడుపు నిండ మేత పెడ్త అన్నడు. పెట్టిండు గూడ, మంచోడు."

"తలుపుకు నెత్తురు?"

"నెత్తురా!" బీరమ్మ గొంగడి జారేలా నవ్వింది. "జాజు అయ్యా, జాజు! గొర్రెలకు గుర్తు పెట్టే ఎర్రమన్ను. నేనే కలిపిచ్చిన. యాపమండలు కట్ట కట్టి పిలగాండ్లు పూసిన్రు. ఏదో దేశం రాజు, గులాములు, రాత్రి పూట చావు వస్తదంట, ఎర్రగున్న ఇల్లు దాటిపోతదంట. నా పెద్దోడు ఇంటికొచ్చి ఒక్కతీరు ఏడుపు. మనింటికి గూడ పూయాలె అవ్వా, లేకుంటె పెద్దకొడుకును నేనే పోత అని. పూసినం మరి!"

పస్కా పండుగ కథ. ఐగుప్తులో గొర్రెపిల్ల నెత్తురు, ద్వారబంధం, హిస్సోపు కొమ్మ. ఈస్టరు ముందటి శ్రమదినాలు వచ్చిన ప్రతి ఏడూ నేను ఆ భాగం మీదనే ప్రసంగం చేస్తాను. మా సభలో పసిపిల్లకు కూడా అది నోటికి వచ్చు. ఒక పంతులు ఇంటి ద్వారబంధం ఎర్రగా ఉంది, వాకిట్లో గొర్రె ఉంది అంటే ఊళ్లో ఇంకెవరికి తట్టకపోయినా నాకు తట్టాలి. నేను దావీదు అన్న ఎల్లమ్మను తెచ్చాను, డప్పులు తెచ్చాను, నాకు కంఠస్థమైన దాన్ని తేలేకపోయాను.

అయినా ఆ క్షణాన నాకు ఎంత సంతోషమో చెప్పలేను. రాయి దిగినట్టయింది. "తల్లీ, నీకు పుణ్యం. ఇప్పుడే పోయి ఆయన కాళ్ల మీద పడతాను" అన్నాను.

బీరమ్మ నవ్వు ఆగిపోయింది.

"నీకెరుక లేదా అయ్యా? పంతులు మొన్న పొద్దుగాల పోయిండు."

మొన్న. రాహేలమ్మ వచ్చిందాకా ఆగకుండా ఆ సాయంత్రం బస్సు ఎక్కి ఉంటే, అంతకు ముందురోజే ఇక్కడ ఉండేవాణ్ణి.

ఇంటి ద్వారబంధం మీద ఎరుపు వెలిసిపోయి, చెక్క సందుల్లో మాత్రం మిగిలి ఉంది. యాకోబు భార్య మార్తమ్మ వాకిట్లో నులక మంచం విప్పి నులక ఉతుకుతోంది. నన్ను గుర్తుపట్టింది. ఒకప్పుడు మా సంఘంలో పాటలు ఎత్తింది ఆమే.

"ఎందుకొచ్చినవు అయ్యగారూ?"

చెప్పాను. అంతా చెప్పాను, మూడు రోజుల అరుగుతో సహా. ఆమె నీళ్లు పిండుతూనే విన్నది.

"ఒక్క కార్డు రాయకపోతిరి. ఏం జరిగింది యాకోబూ అని ఒక్క కార్డు. ఆయన జవాబు రాసేటోడు గదా. గంత మందిల ఒక్కరికి అడగబుద్ధి కాలేదా?"

గిన్నె విప్పి ముందు పెట్టాను. ఆమెనైనా తీసుకోమన్నాను. ఆమె పేరు మీద గీత లేదు, ఆయన్ను విడిచి తను ఒక్కతే బల్ల దగ్గరికి రాలేదంతే.

"ఆయన అడిగినప్పుడు ఈయకపోతిరి. ఇప్పుడు నాకొద్దు." చేతులు తుడుచుకుని మళ్లీ అన్నది. "సభల చెప్తవు గద నువ్వు. పాట పాడుకుంట, నవ్వుకుంట పోయిండని చెప్పకు. గాలి అందక రాత్రంత కొట్టుకున్నడు. తెల్లారుజామున, ఇంకా రాలేదా అన్నడు. ఎవరి గురించి అన్నడో నాకు ఎరుక లేదు. గదే చెప్పు, ఉన్నదున్నట్టు."

సమాధి పల్లె అవతల రాళ్లదిబ్బ పక్కన ఉంది. అక్కడ మోకరించాను. నాకు తెలిసిన ప్రార్థనలన్నీ గట్టి మాటలతో నిండి ఉంటాయి. ఒక్కటీ నోటికి రాలేదు. దేవుడు ఉన్నాడనీ, నా మొర వింటున్నాడనీ మాత్రం అనుమానం కలగలేదు. అందుకే అక్కడ ఉండలేకపోయాను.

నల్లగొండలో

తిరుగుదారి రాయను. వచ్చిన ఆదివారమే సభలో లేచాను. ఈసారి "నేను విన్నాను" అని మొదలుపెట్టాను. ఎవరి దగ్గర ఏం విన్నానో, ఏది కంటితో చూశానో విడివిడిగా చెప్పాను. మార్తమ్మ చెప్పమన్నది కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. మా దగ్గర సాక్ష్యం అయిపోగానే ఎవరో ఒకరు పాట అందుకుంటారు. ఎవరూ అందుకోలేదు.

యాకోబు పేరు మీది గీత చెరపడానికి చేతులెత్తమని పెద్దలను అడిగాను. వాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటుండగా ఆడవాళ్ల వైపు నుంచి ఎలీషమ్మ లేచింది. డెబ్బై ఏళ్ల కూలిమనిషి. సభలో ఎన్నడూ నోరు తెరిచి ఎరగదు.

"అయ్యా, నాడు నువ్వు చెప్పంగనే చేయెత్తిన. నేడు గూడ నువ్వే చెప్తున్నవు. నాడు చెప్పింది అబద్ధమైతే, ఇది నిజమని నాకెట్ల ఎరుక?"

సభలో గుసగుస లేచింది. ఒక పెద్దాయన ఆమెను కూర్చోమన్నాడు. వద్దని నేనే అన్నాను. "నన్ను నమ్మొద్దు అవ్వా. ఎవరినన్న పంపి చూపించుకో" అన్నాను.

ఆ రోజు ఎవరూ చేయెత్తలేదు. జొన్న కోతలయ్యాక ఇద్దరు సోదరులను మక్తల్ పంపాలని తీర్మానం రాశారు. అప్పటిదాకా ఆ గీత అట్లాగే ఉంటుంది. వాళ్లిద్దరికీ బాట చెప్పాను. ఎక్కడా ఆగకుండా నేరుగా పొమ్మన్నాను. నా పేరు ఎత్తకుండా అడగండి అన్నాను. మార్తమ్మ మాట్లాడకపోతే మాత్రం తప్పు పట్టొద్దని, ఆమె మొదలుపెట్టేదాకా వాకిట్లోనే కూర్చోమని చెప్పాను.